ఎక్కిన రేవులోనే దింపే హౌస్‌బోటు గారికి

హౌస్‌బోటు గారికి, ఏటిగట్టు ఊరివాడు రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు క్షేమంగానే ఉంటారు. వెళ్లాల్సిన ఊరు లేదు, అందుకోవాల్సిన బస్సు లేదు, తమరికి టెన్షన్ ఎందుకుంటుంది?

నేనెవరో తమరికి గుర్తుండకపోవచ్చు. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా బావ వెంట కోనసీమలోని దిండి రేవులో ఎక్కాను. తెల్లప్యాంటు, నల్లకళ్లద్దాలు, మెడలో కెమెరా ఆయన. పక్కన ఉచిత గైడుని నేను. పొద్దున ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ మీద తిరిగి తిరిగి, సాయంత్రం అదే రేవులో దిగాం. మా వైపు పడవ ఎక్కితే అవతలి గట్టున దిగుతాం. తమరి పద్ధతి వేరు. డబ్బు తీసుకుని ఎక్కినచోటే దింపుతారు, పైగా జనం థాంక్యూ చెప్పి దిగుతారు.

కేరళలో తమరి తాతలు వడ్లు మోసేవారట. మాకూ ఆ వంశం తెలియనిది కాదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేశాడు. కాలవలు తవ్వించింది పొలాల కోసమే కాదు, లాకులు కట్టించి వాటిలో పడవలూ నడిపించారు. గట్టు మీద మనుషులు మోకు భుజాన వేసుకుని లాగుతుంటే ధాన్యం పడవలు కదిలేవి. లారీలొచ్చాక ఆ పడవలు పోయాయి. తమరు మాత్రం ఏసీ పెట్టించుకుని బతకనేర్చారు. వడ్లకంటే డాలర్లు బరువు తక్కువని ఎవరో చెప్పుంటారు.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం వెటకారం చేయను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో ఉన్నవాళ్లూ ఇలా సరదాగా బయల్దేరినవాళ్లే. తమరి కుర్రాళ్లు బకిల్ బిగించి మరీ తొడిగారు, సంతోషం. మా బావ సెల్ఫీ అయ్యేదాకా ఉంచుకుని తర్వాత తలకింద పెట్టుకున్నాడు. అది తమరి తప్పు కాదు.

తమరి డెక్కు మీది కుర్చీ గురించే నా ఫిర్యాదు. అందులో కూర్చోగానే మనిషికి ఏదో అవుతుంది. మా బావ చిన్నప్పుడు ఇదే ఏట్లో గేదెల్ని కడిగినవాడు. కూర్చున్న పావుగంటకే, గట్టున గేదెను కడుగుతున్న కుర్రాణ్ణి చూసి "ఎంత ప్రశాంతమైన లైఫురా వీళ్లది!" అన్నాడు. ఆ కుర్రాడు గేదెను బూతులు తిడుతున్నాడు. తమరి ఇంజను మోతలో మాటలు వినపడలేదు గానీ, ఆ చేతులు విసరడం చూస్తే తెలీదూ?

ఇంకొంచెం కిందికి వెళ్లాక గట్టు అంచున ఒక కొబ్బరిచెట్టు ఏట్లోకి వంగి కనపడింది. వేళ్లు సగం బయటికొచ్చి గాల్లో వేలాడుతున్నాయి. దాని పక్కన కొత్తగా విరిగిన మట్టి ఇంకా తడిగా, ఎర్రగా ఉంది. బావ ఇంజను ఆపించి ముప్పై ఫొటోలు తీశాడు. ఏటికోతకు పోతున్న తోట బావా అది, ఆ చెట్టు ఈ ఏడు వరదకు ఉండదు అన్నాను. "అందుకే ఇప్పుడే తీయాలి" అన్నాడు. ఆ తోట రైతుకు కొబ్బరికాయ ధర కంటే ఫొటో ధర ఎక్కువ గిట్టేది, ఎవరైనా ఇస్తే.

తర్వాత దోనెలో ఒక పెద్దాయన కనపడ్డాడు. విసురు వల మోకాళ్ల మీద పెట్టుకుని, చుట్ట కాల్చుకుంటూ ఊరికే కూర్చున్నాడు. బావ కెమెరా సర్దుకుని, వల ఒకసారి వేయమని కేకేశాడు.

"పాటు తీత్తందండి, నీరు ఎనక్కి పోతందండి. ఇప్పుడేత్తే ఏం పడతాయండి?"

"పడకపోయినా పర్లేదు. వేసినట్టు కనపడితే చాలు."

పెద్దాయన చుట్ట తీసి మా వంక కాసేపు చూశాడు. "ఆయ్, ఈడియోకైతే రేటు ఏరేనండి."

ఐదు వందలకు బేరం కుదిరింది. ఎండకు ఎదురుగా ఒకటి, ఎండ వెనక్కి పెట్టి ఒకటి వేయించుకున్నాడు. వల గొడుగులా విచ్చుకుని పడింది, ఖాళీగానే పైకొచ్చింది. ఆ పూట ఆయనకు పడ్డ పెద్ద చేప మా బావే.

భోజనంలో పులస కావాలన్నాడు బావ. పులస ఏట్లోకి ఎదురెక్కేది వానాకాలం ఎర్రనీరు దిగినప్పుడు. జనవరిలో పులస అడిగితే తమరి వంటాయన మాత్రం ఏం చేస్తాడు? పండుగప్ప ఇగురు పెట్టాడు, అద్భుతంగా ఉంది. బావ దాన్నే ఫొటో తీసి పులస అని పెట్టాడు. డాలస్‌లో లొట్టలేసిన వాళ్లెవరికీ అనుమానం రాలేదు.

నరసాపురం దాపుల్లో, జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే సఖినేటిపల్లి పంటు అడ్డమొచ్చింది. దారివ్వడానికి తమరు ఆగారు. పంటు మీద పల్సర్లు, ఒక బొలెరో, రొయ్యల ట్రేలు, అత్తారింటికి పోతున్న కొత్త జంట, పుంజును చంకన పెట్టుకున్న పెద్దమనిషి. బావ వాళ్లను వీడియో తీస్తుంటే వాళ్లంతా ఫోన్లు తీసి మమ్మల్ని తీయడం మొదలెట్టారు. ఇంజను ఆగింది కాబట్టి ఒక చంటిపిల్ల మాట స్పష్టంగా వినపడింది: "నాన్నా, ఆ పడవ ఎక్కడికెళ్తంది?"

"ఎక్కడికీ ఎళ్లదమ్మా. ఊరికే తిరుగుద్ది."

అటువైపున్న మాధవాయిపాలేనికి దూరదేశాల వాళ్లు కొత్త కాదు. 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఇక్కడ కొట్టు పెట్టి బట్ట కొన్నారు, ఓడలు కట్టించుకున్నారు. తర్వాత దేశాన్నే పట్టుకుపోయారనుకోండి, అది వేరే కథ. కానీ వాళ్లు కూడా ఏదో ఒక పని మీదే ఏటికొచ్చారు.

ఏటి బతుకు చూడాలనే సరదా ఉంటే ఆగస్టులో ఒకసారి కళ్లు తెరవండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరదొస్తే తమరిని మోకులతో కట్టేస్తారు, తప్పు లేదు. ఏటి నడుమ లంక ఊళ్లలో మాత్రం కాజ్‌వే మునిగిన దగ్గర్నుంచి పాలక్యాన్లు, నెలలు నిండిన ఆడవాళ్లు, రేషన్ బియ్యం, మేకలు, అన్నీ నాటుపడవల మీదే. వాటికి డెక్కు ఉండదు, కుర్చీ ఉండదు. చూడ్డానికి మా బావ కూడా ఉండడు, ఆగస్టులో డాలస్‌లో స్కూళ్లు తెరుస్తారు.

వచ్చే సంక్రాంతికి ఆఫీసు వాళ్లను కూడా వెంటబెట్టుకొస్తాడట, నన్ను అడ్వాన్సు కట్టమని ఫోన్ చేశాడు. కడతాను. ఒక్క మనవి. వాళ్లను తిప్పేటప్పుడు నన్ను నరసాపురం గట్టున దింపేయండి. మా చెల్లెల్ని అటే ఇచ్చాం, అరిసెలూ సున్నుండలూ ఇచ్చిరావాలి. పంటు టికెట్ ఎంతో అంతే ఇస్తాను, పైసా ఎక్కువ ఇవ్వను.

ఇట్లు,
తమరి డెక్కు మీద కుర్చీ దొరకని గైడు