పరీక్ష తేల్చినా మారని వైద్యం

2021 ఏప్రిల్, మే నెలల్లో ఫలానా ఆసుపత్రిలో ఉన్న రోగికి ఫలానా గ్రూపు ప్లాస్మా (కోవిడ్ నుంచి కోలుకున్నవారి రక్తంలోని ద్రవభాగం) దాత తక్షణం కావాలన్న అభ్యర్థనలు మన సెల్‌ఫోన్లలో రాత్రీ పగలూ తిరిగాయి. దాత కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన ఆ బంధువులకు, ఈ వైద్యాన్ని మన దేశమే అప్పటికి పరీక్షించి చూసిందని చెప్పినవారు లేరు. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లోని 464 మంది కోవిడ్ రోగులను, చీటీలు తీసినట్టుగా, ఎవరి ఇష్టానిష్టాలకూ తావులేకుండా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మామూలు చికిత్సతో పాటు ప్లాస్మా ఎక్కించింది. జబ్బు ముదిరినవారు, మరణించినవారు కలిపి ప్లాస్మా పొందినవారిలో 19 శాతం, పొందనివారిలో 18 శాతం. ఈ ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. జాతీయ చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసివేసింది మాత్రం 2021 మే 17న. ఈ జాప్యాన్ని మేము చిన్న పొరపాటుగా చూడలేము.

ప్రాణం పోతుంటే పరీక్షలంటూ కూర్చుంటారా అన్న ప్రశ్న అప్పుడూ వినబడింది, ఇప్పటికీ వినబడుతోంది. అది కడుపుకోతలోంచి వచ్చే ప్రశ్న కనుక దాన్ని తేలిగ్గా తోసిపుచ్చరాదు. కానీ బ్రిటన్‌లో ఆసుపత్రుల్లో చేరిన కోవిడ్ రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే పరీక్ష, డెక్సామెథసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్ వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో తేల్చింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు లేదని కూడా అదే పరీక్ష చెప్పింది. మందును ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో వైద్యుడి అనుభవం ఒక్కటే ఇంత కచ్చితంగా చెప్పలేదు, ఎందుకంటే కోవిడ్ రోగుల్లో అత్యధికులు ఏ మందు వేసుకున్నా, వేసుకోకపోయినా కోలుకున్నారు. కృష్ణపట్నంలో నాటుమందు కోసం బారులు తీరిన వేల మందిని ఒక్క మాట అనే ముందు, పెద్దాసుపత్రుల చీటీల్లో రుజువులేని మందులు ఎన్ని ఉన్నాయో చూడాలి.

పరీక్షలు మనకు కొత్త కాదు. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం క్షయ రోగుల్లో కొందరిని శానిటోరియంలో (క్షయ రోగులను ఉంచి వైద్యం చేసే ప్రత్యేక ఆసుపత్రిలో), కొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చి, ఇంటి వైద్యమూ దాదాపు అంతే ఫలిస్తుందని నిరూపించింది. పేద రోగులు పడకల కోసం ఎదురుచూడనక్కర్లేదన్న భరోసా దాంతోనే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ బోధనాసుపత్రుల్లో ఇలాంటి పరీక్షలకు అనుమతులను, సిబ్బందిని మరో మహమ్మారి రాకముందే సిద్ధం చేయాలి. ఫలితం వెలువడిన ఎన్ని రోజుల్లో మార్గదర్శకాలను సమీక్షించాలో కేంద్రం గడువు విధించి, ఆ గడువు దాటితే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో ప్రకటించాలి.