శరణు కోరి ఈదిన నీళ్లు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవులకు హవాయి వెళ్లడం ఇప్పుడు మామూలైంది. అక్కడి పెద్ద దీవిలో అడుగుపెట్టినవారిలో చాలామంది మాస్కు, ఊపిరి గొట్టం చేతపట్టుకుని పడమటి తీరంలోని హోనౌనౌ అఖాతానికి వెళతారు. నల్లని లావా బండ అంచు అక్కడ రెండు మెట్లలా ఏర్పడి మనిషిని సముద్రంలోకి దింపుతుంది. అందుకే ఆ చోటికి ‘టూ స్టెప్’ అని పేరు. దిగిన మరుక్షణమే పగడాలు, పసుపు చేపల గుంపులు కనిపిస్తాయి. ఆ ఆనందాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ బండకు నాలుగడుగుల దూరంలో ఏముందో తెలుసుకోకుండానే స్నార్కెలింగ్ ముగించుకుని కారెక్కేవారు ఎందరో ఉన్నారు. మా బాధ దాని గురించే.

అక్కడున్నది పూహోనువా ఓ హోనౌనౌ, అంటే హవాయి ఆదివాసుల శరణుక్షేత్రం. పూర్వం ఆ దీవుల్లో ‘కపు’ అనే కట్టుబాట్లు ఉండేవి. స్త్రీపురుషులు కలిసి భోంచేసినా, నిషిద్ధ కాలంలో చేపలు పట్టినా, ప్రభువుల నేలపై కాలుపెట్టినా మరణదండన తప్పేది కాదు. వెంటాడేవారికి చిక్కకుండా ఈ ఆవరణ చేరినవారికి మాత్రం ప్రాణభయం ఉండేది కాదు. పూజారి శుద్ధి చేస్తే వారు తిరిగి ఇంటికి వెళ్లేవారు. యుద్ధంలో ఓడినవారికీ, ఆయుధం పట్టలేని వృద్ధులకూ, పిల్లలకూ ఇదే ఆశ్రయం. సుమారు వెయ్యి అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, 17 అడుగుల మందంతో సున్నం గానీ మట్టి గానీ లేకుండా పేర్చిన రాతిగోడ నేటికీ నిలిచి ఉంది. దాని చివర ఉన్న హలే ఓ కెయావే మందిరంలో ఒకప్పుడు 23 మంది ప్రభువుల అస్థికలు భద్రపరిచారు. ఇప్పుడున్నది తర్వాత పునర్నిర్మించిన మందిరమే అయినా అక్కడివారి భక్తి తగ్గలేదు. 1819లో హవాయి రాజు రెండవ కమెహమెహా కపు వ్యవస్థను రద్దు చేశాడు. నేల పవిత్రత మాత్రం పోలేదు.

గోడకు ఇవతల ప్రభువుల నివాసాలు ఉండేవి. సామాన్యుడికి ఆ దారి మూసుకుపోయినట్టే కాబట్టి పారిపోయి వచ్చినవారు అఖాతాన్ని ఈది చేరేవారని అక్కడి కథనం. ప్రాణాలు దక్కించుకోవడానికి మనుషులు ఈదిన నీళ్లలోనే నేడు మనం విహారానికి ఈదుతున్నాం. శరణుక్షేత్రం ఇప్పుడు జాతీయ ఉద్యానంలో ఉంది, ఆ ఉద్యానం సరిహద్దు టూ స్టెప్ బండకు ముందే ఆగిపోతుంది. ప్రభుత్వ పటంలోని ఆ గీత పరిపాలన సౌలభ్యం కోసం గీసినది. దాన్ని చూపి, గీతకు బయట ఎలాగైనా ఉండవచ్చని అనుకోవడం న్యాయం కాదు. గుడి ముందున్న కోనేటిలో మనం గోల చేస్తామా?

గౌరవమంటే చేతులు జోడించడం ఒక్కటే కాదు, అది నీళ్లలో ఎలా మసలుతామన్నదానిలోనూ ఉంటుంది. ఇక్కడి పగడాల్లో కొన్ని జాతులు ఏడాదికి సుమారు ఒక్క సెంటీమీటరే పెరుగుతాయి. ఈత కోసం కాళ్లకు తొడిగే ఫిన్ తగిలి విరిగే ముక్క వెనుక ఎన్నేళ్ల పెరుగుదల ఉందో ఆలోచించాలి. 2015లో సముద్రం వేడెక్కి ఈ తీరమంతటా పగడాలు భారీగా దెబ్బతిన్నాయి, మిగిలినవాటిపై కాలు మోపకపోవడం కనీస ధర్మం. తాబేళ్లకు పది అడుగుల దూరం పాటించాలి. రాత్రంతా వేటాడిన స్పిన్నర్ డాల్ఫిన్లు పగలు ఇలాంటి అఖాతాల్లోనే విశ్రమిస్తాయి. 2021 నుంచి వాటికి 50 గజాల లోపుకు వెళ్లడాన్ని అమెరికా సమాఖ్య నిబంధన నిషేధించింది. వీడియో కోసం వాటిని తరమడం నేరమే. పగడాలకు హాని చేస్తాయన్న ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు కలిసిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి అదే ఏడాది నిలిపివేసింది. కానీ ఆ నిషేధం అమ్మకానికే పరిమితం. ఇంటి నుంచి సీసా తీసుకెళ్లే యాత్రికుణ్ణి ఆపేది అతని మనస్సాక్షి మాత్రమే.

అన్నింటినీ మనస్సాక్షికే వదిలేయడం కూడా సరికాదు. ఒవాహు దీవిలోని హనౌమా అఖాతంలో 2002 నుంచి సందర్శకులు నీళ్లలో దిగేముందు జాగ్రత్తల వీడియో చూసి తీరాలి. హోనౌనౌలోనూ అలాంటి ఏర్పాటు ఉండాలని, అందులో పగడాలతో పాటు శరణుక్షేత్రం చరిత్ర కూడా చెప్పాలని, ఆ మాటలు హవాయి ఆదివాసుల నోటి నుంచే రావాలని మేము కోరుతున్నాం. మాస్కులు అద్దెకిచ్చే దుకాణాలకూ, యాత్రలు నడిపే సంస్థలకూ ఇందులో బాధ్యత ఉంది. తెలుగు సంఘాలు హవాయి యాత్ర ఏర్పాటు చేస్తే కార్యక్రమంలో రాతిగోడను ముందు, సముద్రాన్ని తర్వాత పెట్టాలి.