ముహూర్తం ఆదివారం, డబ్బు సోమవారం

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా బాబాయి కొడుకు ఇల్లు కొన్నాడు. క్లోజింగ్, అంటే తుది సంతకాలు పెట్టి డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం, శుక్రవారం. గృహప్రవేశం ఆదివారం ఉదయం. పాలు పొంగించడానికి పిన్ని గుంటూరు నుంచి ఇత్తడి గిన్నె మోసుకొచ్చింది. అపార్ట్‌మెంట్ లీజు శనివారంతో సరి. బుధవారం రాత్రి సామాన్లన్నీ అట్టపెట్టెల్లో సర్దేశాక ఇంటి లోన్ ఇప్పించే మధ్యవర్తి, మోర్ట్‌గేజ్ బ్రోకర్ నుంచి వాట్సాప్ వచ్చింది: "చిన్న డిలే అన్నా, మండే అయిపోతుంది, టెన్షన్ పడకండి."

ఆ చిన్న డిలే లెక్క ఇదీ. 2015 అక్టోబరు నుంచి అమెరికాలో అమలవుతున్న నిబంధన ప్రకారం, లోన్ తుది లెక్కలుండే క్లోజింగ్ డిస్‌క్లోజర్ సంతకాలకు కనీసం మూడు పనిదినాల ముందు కొనేవాళ్లకు అందాలి. ఈ లెక్కలో శనివారం కూడా పనిదినమే. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు మాత్రం కలవవు. 2021లో శనివారం పడ్డ జూన్‌టీన్త్‌ను (జూన్ 19) రెండు రోజుల ముందు ఫెడరల్ సెలవుగా ప్రకటిస్తే, ఆ శనివారాన్ని లెక్కలో వేసుకున్న లెండర్లు (అప్పిచ్చే సంస్థలు) తలపట్టుకున్నారు. మావాడు శుక్రవారం సంతకం పెట్టాలంటే ఆ కాగితం మంగళవారానికి రావాలి. బుధవారం వచ్చింది. చట్టం శనివారం పెట్టుకోమంటుంది, కానీ ఆ రోజు సంతకాలు, డబ్బు లెక్కలు చూసే టైటిల్ కంపెనీ తెరవదు, బ్యాంకు నుంచి డబ్బు పంపే వైర్ కదలదు. ఇక మిగిలింది సోమవారమే. నిజమైన ఆర్థిక అత్యవసరం ఉంటే ఈ గడువు వదులుకోవచ్చు. ఉన్న ఇల్లు వేలానికి పోబోతోందంటే ఒప్పుకుంటారు. ముహూర్తం దాటిపోతోందంటే ఒప్పుకోరు.

కాగితం ఒక రోజు ఆలస్యం కావడానికి వెనక మూడు వారాల కథ ఉంది. డౌన్ పేమెంట్‌లో కొంత వాళ్ల మామగారు ఎఫ్‌డీ తీసి గుంటూరు నుంచి పంపారు. ఇలాంటి డబ్బు అకౌంట్లో పడితే లెండర్ తరఫున ఫైల్ తనిఖీ చేసే అండర్‌రైటర్ ఊరుకోడు. గిఫ్ట్ లెటర్ కావాలి, తిరిగి ఇవ్వక్కర్లేదని అందులో రాయాలి, వైర్ ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు కావాలి. అటు ఇండియాలో ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) కట్టించుకుంటారు, బ్యాంకు ఫారాలు వేరే. ఇవన్నీ తెలిసిన పనులే, తెలుగువాళ్ల లోన్లే చేసే బ్రోకర్‌కు మరీ తెలిసినవి. అయినా గిఫ్ట్ లెటర్ ఫారం మూడో వారంలో పంపాడు. మావాడు 3వ తేదీన మెయిల్ చేసిన డబ్ల్యూ-2లు (జీతం, పన్ను లెక్కల ఫారాలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు లెండర్ పోర్టల్‌లోకి ఎక్కింది 15న.

దీన్ని బద్ధకం అని తిట్టి వదిలేస్తే అసలు సంగతి జారిపోతుంది. బ్రోకర్‌కు కమిషన్ లోన్ డబ్బు విడుదలైతేనే వస్తుంది, కాబట్టి క్లోజింగ్ కావాలని అతనికీ ఉంటుంది. శుక్రవారం అయినా సోమవారం అయినా వచ్చేది అదే కమిషన్. ఆ మూడు రోజుల నష్టమంతా కొనేవాడిది. టెక్సస్‌లో సాధారణంగా వాడే కాంట్రాక్టు ప్రకారం, కొనేవాడు తేదీకి డబ్బు తేలేకపోతే డిఫాల్ట్. అమ్మేవాడు కాంట్రాక్టు రద్దు చేసి ఎర్నెస్ట్ మనీ (కొనేవాడు ముందే కట్టిన బయానా) ఉంచేసుకోవచ్చు. అక్కడ అది మామూలుగా ధరలో 1 శాతం. అంటే 5 లక్షల డాలర్ల ఇంటికి 5 వేలు. లోన్ అప్రూవల్ రాకపోతే తప్పుకునే గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కొత్త ఇళ్లలోనైతే చాలామంది బిల్డర్లు రోజుకింత అని పెనాల్టీ రాసుకుంటారు. రేట్ లాక్ (వడ్డీ రేటు మారకుండా పట్టి ఉంచే ఒప్పందం) గడువు ముగిస్తే పొడిగింపు రుసుము అదనం.

ఈ రుసుము విషయంలో ఒక ఫెడరల్ నిబంధన ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ఊహించని కారణంతో లాక్ పొడిగించాల్సి వస్తే బ్రోకర్ తన కమిషన్ తగ్గించుకుని ఆ ఖర్చు భరించవచ్చు. భరించి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. కాబట్టి అడిగినవాడికే దక్కుతుంది, అదీ ఆలస్యం ఎవరిదో తేదీలతో చూపించగలిగితే.

మనవాళ్లు చిక్కేది ఇక్కడే. బ్రోకర్‌ను ఎంచుకునేది ఫ్రెండ్ చెప్పాడని, లేదా క్రికెట్ టీమ్‌లో ఉన్నాడని. అన్నా, బ్రో అన్నాక కాగితం అడగడం అమర్యాదగా అనిపిస్తుంది. అన్నీ వాట్సాప్ వాయిస్ మెసేజుల్లోనే నడుస్తాయి. లెండర్‌కు ఫోన్ చేద్దామన్నా, బ్రోకర్ ద్వారా వచ్చిన లోన్ గురించి చాలా లెండర్లు కొనేవాడితో నేరుగా మాట్లాడరు. "ఫైల్ అండర్‌రైటింగ్‌లో ఉంది" అన్న మాట నిజమో కాదో తెలియదు. తెలుసుకోవాలంటే అండర్‌రైటర్ పంపిన కండిషన్ల (ఇంకా తీర్చాల్సిన షరతుల) జాబితానే మెయిల్‌లో పంపమనాలి. అందులో తేదీలుంటాయి. మావాడికి 15వ తేదీ సంగతి తెలిసింది అలాగే, కాకపోతే అంతా అయ్యాక.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు (ప్రభుత్వ బీమా ఉండేవి) లేవు. మొదటి రోజే వీసా స్టేటస్ అడగని బ్రోకర్ చేతిలో పడితే, సగం దారిలో ఫైల్ ప్రభుత్వ బీమా లేని కన్వెన్షనల్ లోన్‌కు మార్చి మళ్లీ మొదలు పెట్టాల్సి వస్తుంది.

గురువారం పొద్దున్నే మావాడి రియల్టర్ తేదీ పొడిగింపు అమెండ్‌మెంట్ రాశాడు. సోమవారానికి కాదు, బుధవారానికి. బ్రోకర్ మండే అంటే ఒక రెండు రోజులు కలుపుకోవడం ఆయన అలవాటట. అమ్మే ఆయన సంతకం పెట్టాడు, ఇల్లు మాత్రం ముందుగా ఇవ్వనన్నాడు. మావాడు బ్రోకర్‌కు, అతని కంపెనీ యజమానికి కలిపి ఒక మెయిల్ పెట్టాడు. ఏ కాగితం ఏ రోజు పంపాడో వరసగా రాసి, లాక్ పొడిగింపు రుసుము ఎవరు కడతారని అడిగాడు. లైసెన్సులిచ్చే టెక్సస్ సేవింగ్స్ అండ్ మోర్ట్‌గేజ్ లెండింగ్ శాఖ పేరు, బ్రోకర్ రిజిస్ట్రేషన్ (ఎన్‌ఎంఎల్‌ఎస్) నంబరు కింద రాశాడు. బెదిరింపు మాట ఒక్కటీ లేదు. సాయంత్రానికి సగం మేం కడతామని జవాబొచ్చింది. మొత్తం అడగాల్సిందని నేనన్నాను. తనకు ఓపిక లేదన్నాడు.

ఆదివారం ముహూర్తం వేళకు పిన్ని ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో చిన్న ఇండక్షన్ పొయ్యి మీద పాలు పెట్టింది. ఇత్తడి గిన్నెకు ఆ పొయ్యి వేడెక్కలేదు, స్టీలు గిన్నెలోకి మార్చింది. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు వైర్ అందింది, తాళాలు చేతికొచ్చాయి. ఐదింటికి బ్రోకర్ మెసేజ్ వచ్చింది: "కంగ్రాట్స్ అన్నా! గూగుల్‌లో ఫైవ్ స్టార్ రివ్యూ మర్చిపోవద్దు." కింద లింక్ కూడా పెట్టాడు.