పొగకు పథ్యం

విశాఖ వన్ టౌన్‌లో మా కిటికీ అంచు మీద పొద్దున్నే తడిగుడ్డ పెట్టి ఒక్కసారి లాగితే గుడ్డ నల్లబడుతుంది. సాయంత్రం లాగినా అంతే. ఆ దుమ్ము ఎక్కడిదని ఒకప్పుడు అడిగేవాళ్ళం. ఇప్పుడు బుద్ధి తెచ్చుకుని, దానికి ఏం తినాలని అడుగుతున్నాం.

తప్పేం లేదు, సైన్సు మన పక్షానే ఉంది. ఒంట్లో ఇనుము తక్కువైతే, ఎక్కడైనా దొరక్కపోతుందా అని పేగులు తలుపులు బార్లా తీసి కూర్చుంటాయి. ఆ సందులోంచే సీసం, కాడ్మియం లాంటి విషలోహాలు కూడా పిలవని చుట్టాల్లా వచ్చేస్తాయి. కాల్షియం తగ్గినా అదే తంతు. ఖాళీ కడుపు మీదైతే సీసం ఇంకా ఎక్కువ ఒంటబడుతుంది. కాబట్టి పౌరులంతా చోడి (రాగి) అంబలి తాగాలి, మునగాకు పప్పులో నిమ్మకాయ పిండుకోవాలి, తిన్న వెంటనే టీ తాగకూడదు. టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. (జగదాంబ సెంటర్లో టీ మానుకుని బతకడం కంటే సీసమే నయమని మా ఆఫీసులో ఒకాయన అంటాడు. ఖండించలేకపోయాను.)

రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే ఆ తలుపులు ఎవరింట్లో తీసి ఉన్నాయో కూడా తెలిసిపోయింది.

ఇక బెల్లం. దుమ్ములో పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం పాత అలవాటు. నవ్వకండి. ఎలుకల ఊపిరితిత్తుల్లోకి బొగ్గుపొడి ఎక్కించి, బెల్లం పెట్టి చూసిన లక్నో శాస్త్రవేత్తల పరిశోధన 1994లో అచ్చయింది. బెల్లం తిన్న ఎలుకల్లో పొడి తొందరగా కదిలింది. ఎక్కడికంటారా? పక్కనున్న లింఫు గ్రంథుల్లోకి. ముందుగదిలో చెత్త వెనకగదిలోకి తోయడమన్నమాట. చుట్టాలొస్తున్నారంటే మా ఇంట్లోనూ ఇదే పద్ధతి.

బెల్లానికి మనకేం కొదవ, పక్కనే అనకాపల్లి. మొన్న పూర్ణా మార్కెట్లో ముదురు రంగు దిమ్మ అడిగాను. "అదెందుకండీ, ఇది చూడండి, బంగారంలా ఉంది" అని కొట్టతను ఇంకోటి చేతిలో పెట్టాడు. నిజంగానే మెరుస్తోంది. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ కలపడం ఉంది. అది సోడియం హైడ్రోసల్ఫైట్, సాక్షాత్తూ రసాయనం. పోనీ మరీ నల్లది బస్తాలకొద్దీ కొందామా అంటే, సారా కాస్తున్నావా అని ఎక్సైజు వాళ్ళకి అనుమానం. విషానికి విరుగుడు కొనడానికి ఇంత టెన్షన్ పడాలా?

బీచ్ రోడ్డులో తెల్లారకుండానే కాకరరసం తాగి డిటాక్స్ అయ్యామనే వాళ్ళకో మనవి. ఆ ఉద్యోగం లివర్, కిడ్నీలు జీతం లేకుండా ఎప్పట్నుంచో చేస్తున్నాయి. విషాన్ని పట్టుకుని బయటికి పంపే గ్లూటాథయోన్ తయారవ్వాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డో, పప్పో, చేపముక్కో పెట్టండి, పాపం.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మి 12 మంది పోయారు. విచారణ కమిటీ ట్యాంకు ఉష్ణోగ్రత గురించి రాసింది గానీ, వాళ్ళు ముందురోజు రాత్రి ఏం తిని పడుకున్నారో కనుక్కోలేదు. పథ్యం మీద నమ్మకం ఉన్న నగరంలో ఇంత నిర్లక్ష్యమా!

ఈ జాబితా అంతా ఎదురింటి మావయ్యగారికి చదివి వినిపించాను.

"అయితే ఏకాదశి ఉపవాసం మానేయమంటావేటి బాబూ?"

"ఖాళీ కడుపు ప్రమాదమండీ."

"మరి ఉపవాసం ఎవరో ఒకరు ఉండాలి కదా" అంటూ ఆయన కిటికీలోంచి దూరంగా కనబడుతున్న పొగగొట్టం కేసి చూశారు.

నేను మాట మార్చి, టీ తాగుతారా అన్నాను.