కళ్లతో చూసింది వేరు, కాగితాలు మోసుకుపోయింది వేరు

మోటార్ రేసింగ్‌లో ఒక జట్టు మరో జట్టు మీద "మా డిజైన్ ఎత్తుకుపోయారు" అని వేలు చూపించిన ప్రతిసారీ వెంటనే ఒక సర్దుబాటు మాట వినిపిస్తుంది. ఈ ఆటలో అందరూ ఒకరిని చూసి ఒకరు నేర్చుకునేవాళ్లే, దీనికింత గగ్గోలు ఎందుకు అని. అందులో సగం నిజమే, ఒప్పుకుంటాం. ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగాన్ని దాటేయడమే మాకు నచ్చదు. చూసి నేర్చుకోవడానికీ, ఎదుటివాళ్ల ఫైళ్లు తెప్పించుకుని చదువుకోవడానికీ మధ్య గీత చాలా స్పష్టంగానే ఉంది. ఆ గీత దాటినవాళ్లకు పడే శిక్ష మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటోంది.

ముందు చూడటం గురించి. ఫార్ములా 1లో రేసు మొదలయ్యే ముందు కార్లన్నీ గ్రిడ్ మీద, అంటే బయల్దేరే చోట వరసగా, నిలబడి ఉంటే, పేరున్న కారు డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ నోట్‌బుక్ పట్టుకుని ప్రత్యర్థుల కార్ల దగ్గర ఆగి ఆగి చూసుకుంటూ వెళ్లడం టీవీలో అందరూ చూసిందే. 2023 మొనాకో క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పరుగులో) సెర్జియో పెరెజ్ కారు గోడకు కొట్టుకున్నప్పుడు క్రేన్ ఆ రెడ్ బుల్ జట్టు కారును గాల్లోకి లేపింది, మామూలుగా ఎవరికీ కనపడని దాని ఫ్లోర్ అడుగుభాగం మొత్తం కెమెరాలకు చిక్కింది, ఆ ఫొటోలను ప్రత్యర్థులు వదిలిపెట్టలేదు. ఇందులో తప్పేమీ లేదు. నలుగురి ముందు తిరిగే కారును చూడొద్దని ఎవరూ అనలేరు, పైగా ఫొటోలో ఒంపు కనిపిస్తుంది గానీ ఆ ఒంపు ఎందుకలా ఉందో కనిపించదు, అది ఎవరికి వాళ్లు విండ్ టన్నెల్‌లో, అంటే కారు మీదికి గాలి వదిలి పరీక్షించే చోట, కష్టపడి తేల్చుకోవాల్సిందే.

2007లో జరిగింది అది కాదు. ఫెరారీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న నైజెల్ స్టెప్నీ నుంచి మెక్‌లారెన్ చీఫ్ డిజైనర్ మైక్ కోగ్లన్ చేతికి ఫెరారీ టెక్నికల్ పత్రాలు 780 పేజీలు చేరాయి. వాటిని స్కాన్ చేయించి సీడీల్లోకి ఎక్కించడానికి కోగ్లన్ ఇంటివాళ్లు ఇంగ్లండ్‌లో ఒక జిరాక్స్ షాపుకు తీసుకెళ్లారు. అక్కడ పనిచేసే ఉద్యోగికి పేజీల మీద ఫెరారీ పేరు కనిపించింది, ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయని అనుమానం వచ్చింది, నేరుగా ఫెరారీకే మెయిల్ పెట్టాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఫెరారీ ఇంటి గుట్టును బయటపెట్టింది మాత్రం ఆ షాపు ఉద్యోగి. ఈ ఆటను నడిపే ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ దగ్గరున్న అధికారాలన్నీ కలిపినా ఆయన లేకపోతే ఈ కేసు లేదు. మొత్తం వ్యవహారంలో నిజాయితీగా తన పని తాను చేసిన మనిషి ఎవరంటే మేం ఆయన్నే చూపిస్తాం.

తర్వాత ఏం జరిగిందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే మా బాధంతా అక్కడే ఉంది. 2007 జులై 26న ఎఫ్ఐఏ ప్రపంచ మోటార్ స్పోర్ట్ కౌన్సిల్ సమావేశమై, ఫెరారీ సమాచారం మెక్‌లారెన్ దగ్గర ఉన్న మాట నిజమే, అది నిబంధనల ఉల్లంఘనే, కానీ దాన్ని వాడుకుని ఛాంపియన్‌షిప్‌లో జోక్యం చేసుకున్నట్టు చాలినంత సాక్ష్యం లేదు కాబట్టి శిక్ష లేదు అని తేల్చింది. ఆ తర్వాత హంగరీలో మెక్‌లారెన్ డ్రైవర్ ఫెర్నాండో అలొన్సోకూ జట్టు బాస్ రాన్ డెనిస్‌కూ గొడవ అయ్యింది, తన దగ్గర మెయిల్స్ ఉన్నాయని అలొన్సో అన్నాడన్న సంగతి ఎఫ్ఐఏ దాకా వెళ్లింది, సాక్ష్యం ఇస్తే మీ మీద చర్య ఉండదని ఎఫ్ఐఏ డ్రైవర్లకు రాసింది. అప్పుడు బయటపడ్డాయి అలొన్సో, టెస్ట్ డ్రైవర్ పెద్రో డి లా రోసా రాసుకున్న మెయిల్స్. ఫెరారీ కారులో ముందుకెంత, వెనక్కెంత బరువు ఉంచుతున్నారో కోగ్లన్‌ను అడగడం, ఆ అంకెను సిమ్యులేటర్‌లో (కారును కంప్యూటర్ మీద నడిపి చూసే యంత్రంలో) వేసి చూద్దామనుకోవడం, ఫెరారీ టైర్లలో ఏ గ్యాస్ నింపుతోందో మాట్లాడుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మార్చి 11 నుంచి జులై 3 వరకు కోగ్లన్, స్టెప్నీల మధ్య కనీసం 288 ఎస్ఎంఎస్‌లు, 35 ఫోన్ కాల్స్ నడిచాయని కూడా తేలింది.

సెప్టెంబర్ 13న అదే కౌన్సిల్, అదే నిబంధన కింద, మెక్‌లారెన్‌ను ఆ ఏడాది కన్‌స్ట్రక్టర్ల (జట్ల) ఛాంపియన్‌షిప్ నుంచి తీసేసి 10 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆట చరిత్రలో అంతకు ముందు అంత జరిమానా లేదు. ఈసారి కౌన్సిల్ చెప్పిన కారణం మాకు సబబుగానే అనిపిస్తుంది. ఆ సమాచారం వల్ల ఎంతో కొంత లాభం జరిగే ఉంటుంది, అది ఎంత అన్నది ఎప్పటికీ లెక్క తేలకపోవచ్చు, అయినా శిక్ష ఉండాల్సిందే అని. మంచిది. ఈ మాటే జులైలో ఎందుకు తట్టలేదు?

సరే, కొత్త మెయిల్స్ వచ్చాయి కాబట్టి తీర్పు మారింది అనుకుందాం. మరి అదే ఏడాది డిసెంబర్ 6 సంగతేంటి? మెక్‌లారెన్ నుంచి రెనోకు మారిన ఒక ఇంజనీర్ తనతోపాటు మెక్‌లారెన్ డ్రాయింగులున్న ఫ్లాపీ డిస్కులు తెచ్చుకున్నాడు, ఆ ఫైళ్లు రెనో కంప్యూటర్లలోకి ఎక్కాయి, కొందరు పెద్ద ఇంజనీర్లు వాటిని చూశారు. కౌన్సిల్ రెనోను కూడా తప్పు చేసినట్టే తేల్చింది. శిక్ష మాత్రం సున్నా. ఛాంపియన్‌షిప్ మీద ప్రభావం పడిందనడానికి ఆధారం లేదట, అంటే సెప్టెంబర్‌లో వదిలేసిన జులై కొలబద్దనే డిసెంబర్‌లో మళ్లీ బయటకు తీశారు. రెండు కేసులూ ఒకటే అని మేం అనడం లేదు. మెక్‌లారెన్‌లో సమాచారం నెలల తరబడి ప్రవహించింది, రెనోలో ఒకసారి వచ్చి చేరింది. శిక్షలో తేడా ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ ఒకరికి 10 కోట్ల డాలర్లు, మరొకరికి ఏమీ లేదు అంటే అది ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టినట్టే.

రెనో కేసులో ఒక సంగతి దగ్గరగా చూస్తే ఈ "వాడారా, వాడలేదా" అన్న ప్రశ్న ఎంత బలహీనమైందో తెలుస్తుంది. మెక్‌లారెన్ సస్పెన్షన్‌లో జె-డ్యాంపర్ అని ఒక పరికరం ఉండేది. అసలది కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ మాల్కమ్ స్మిత్ కనిపెట్టిన, చక్రాల కుదుపులను అదుపుచేసే ఇనర్టర్, బయటివాళ్లకు అర్థం కాకూడదని దానికి ఆ మారుపేరు పెట్టారు. రెనో వాళ్లు డ్రాయింగ్ చూసి అది తమ పాత మాస్ డ్యాంపర్ (కుదుపు తగ్గించడానికి కారులో పెట్టే ఊగే బరువు) లాంటిదే అనుకున్నారు, తమ మాస్ డ్యాంపర్‌ను 2006లో నిషేధించి ఉన్నారు కాబట్టి ఇలాంటిది చట్టబద్ధమేనా అని ఎఫ్ఐఏను అడిగారు. డ్రాయింగ్‌ను తప్పుగా అర్థం చేసుకున్నారు, కాబట్టి వాళ్లకు లాభమేమీ రాలేదని కౌన్సిల్ అంది. మేం ఒప్పుకోం. తమది కాని కాగితం చూసి, దాని ఆధారంగా ప్రత్యర్థి కారులో ఒక భాగాన్ని ఆపించే ప్రయత్నం చేయడం కూడా వాడుకోవడమే, ఆ ప్రయత్నం పారకపోవడం వాళ్ల అవగాహన లోపం తప్ప వాళ్ల మంచితనం కాదు.

అసలు ఇంజనీరింగ్‌లో దొంగ సమాచారం ఎలా పనికొస్తుందో తెలిసినవాళ్లెవరూ "మా కారులో వాళ్ల పార్టు ఏదీ లేదు" అన్న సమర్థనను సీరియస్‌గా తీసుకోరు. పక్కవాడి రియర్ వింగ్‌ను (కారు వెనక రెక్కను) ఉన్నదున్నట్టు దించితే అది మన కారు మీద పనిచేయకపోవచ్చు. కానీ పక్కవాడు ఏ దారిలో వెళ్లి విఫలమయ్యాడో తెలిస్తే మనం ఆ దారిలో ఒక్క రోజు కూడా వృథా చేయం. ఫలానా బరువు పంపిణీ దగ్గర వాళ్ల టైర్లు బాగా పనిచేస్తున్నాయని తెలిస్తే మన సిమ్యులేటర్ పని అక్కణ్నుంచే మొదలవుతుంది. ఈ లాభం ఏ పార్టు మీదా ముద్ర వేసుకుని కనిపించదు. కాబట్టి వాడినట్టు రుజువు చేయమని నష్టపోయిన జట్టును అడగడమంటే దొంగను వదిలేయడానికి ముందే దారి వేసిపెట్టడం. ప్రత్యర్థి పత్రాలు మీ సర్వర్‌లోనో, మీ ఉద్యోగి మెయిల్‌లోనో దొరికాయా, వాడలేదని మీరే రుజువు చేసుకోండి, ఇదీ మేం కోరే నియమం.

మనిషి బుర్రలో ఉన్నదాన్ని మాత్రం ఏ నియమమూ ఆపలేదు, ఆపకూడదు కూడా. 1961లో తూర్పు జర్మనీ ఎంజెడ్ మోటార్‌సైకిల్ జట్టు రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి తిరిగి ఇంటికి వెళ్లకుండా పశ్చిమానికి పారిపోయాడు, ఎంజెడ్ ఇంజనీర్ వాల్టర్ కాడెన్ ఏళ్లపాటు శ్రమించి సాధించిన టూ-స్ట్రోక్ ఇంజన్ రహస్యాలు ఆయనతోపాటు సుజుకీకి చేరాయి, 1962లో 50 సీసీ విభాగంలో సుజుకీ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. స్వేచ్ఛ కోసం పారిపోయిన మనిషిని తప్పుపట్టడం మాకు చేతకాదు. కానీ కాడెన్ శ్రమను తలుచుకుంటే కూడా బాధేస్తుంది. ఇలాంటి కేసులకు జట్లు కనిపెట్టిన మందు గార్డెనింగ్ లీవ్, అంటే జట్టు మారే ఇంజనీర్‌ను జీతమిచ్చి నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడం. ఈలోపు ఆయనకు తెలిసింది పాతబడిపోతుంది. అది సరైన మందే. ఫ్లాపీనో, పెన్ డ్రైవో జేబులో వేసుకుని వెళ్లేవాడికి అది సరిపోదు, అంతే.

కోర్టులు ఈ తేడాను మొదట్నుంచీ బాగానే పట్టుకున్నాయి. 1978లో షాడో జట్టును వదిలి వచ్చి ఆరోస్ పెట్టుకున్నవాళ్లు తయారుచేసిన కారు షాడో డిజైన్‌కు నకలని లండన్ హైకోర్టు తేల్చింది, ఆ కారును పక్కన పెట్టి ఆరోస్ కొత్త కారు దించాల్సి వచ్చింది. అంతకు ముందు ఆ డిజైన్ గీసింది తామే కదా అన్న వాదన నిలబడలేదు, ఎందుకంటే డ్రాయింగ్ గీసిన చేతిది కాదు, జీతమిచ్చి గీయించిన జట్టుది. కాకపోతే కోర్టులు నిదానం. తమ విండ్ టన్నెల్ డేటా వాడుకున్నారంటూ ఫోర్స్ ఇండియా జట్టు లోటస్ జట్టు మీద, విండ్ టన్నెల్ సంస్థ ఏరోల్యాబ్ మీద 2009 నాటి వ్యవహారంపై వేసిన దావాలో తీర్పు 2012లో వచ్చింది. కొన్ని భాగాలు కాపీ చేశారని తేల్చి 25,000 యూరోలు ఇప్పించారు, ఫోర్స్ ఇండియా ఏరోల్యాబ్‌కు కట్టాల్సిన పాత బిల్లులేమో అంతకు ఎన్నో రెట్లు. అప్పటికి ఎన్ని సీజన్లు దొర్లిపోయాయో.

అందుకే ఆటను నడిపే సంస్థే వేగంగా, ముందే తనిఖీ చేయాలంటున్నాం. అది చేతకాని పని కాదు. 2022లో స్పెయిన్‌లో ఆస్టన్ మార్టిన్ కొత్త కారు అచ్చం రెడ్ బుల్ లాగే కనిపించి అందరూ ముక్కున వేలేసుకున్నప్పుడు, ఎఫ్ఐఏ ఆ జట్టు డిజైన్ ఏ దశలో ఎలా మారుతూ వచ్చిందో లోపలికెళ్లి చూసి తప్పు లేదని తేల్చింది. అనుమానమూ నిలవలేదు, అమాయకుల మీద మచ్చా మిగల్లేదు. 2020లో రేసింగ్ పాయింట్ జట్టు మెర్సిడెస్ బ్రేక్ డక్టుల (బ్రేకులకు చల్లగాలి పంపే గొట్టాల) డిజైన్ వాడుకున్నదాని మీద ఇంత పద్ధతి లేదు. 4 లక్షల యూరోల జరిమానా, 15 పాయింట్ల కోత వేశారు, అవే డక్టులతో మిగతా సీజన్ నడవనిచ్చారు. తప్పు అని తేల్చిన భాగం కారుకే ఉండి పాయింట్లు తెచ్చిపెడుతుంటే చూసేవాళ్లు దాన్ని శిక్ష అని ఎలా అనుకుంటారు?

ఇంకో మాట. రహస్యాల కేసు విచారించేవాళ్లకు రహస్యం కాపాడటం రావాలి. 2007 సెప్టెంబర్ విచారణ పత్రాలను ఎఫ్ఐఏ నల్లగీతలు కొట్టి విడుదల చేస్తే, ఆ గీతల కింది అక్షరాలను ఎవరైనా కాపీ చేసి చదువుకునేలా ఉన్నాయి. దొంగతనం గురించిన తీర్పులో రెండు జట్ల గుట్టూ బజారున పడింది. 2011 నుంచి క్రమశిక్షణ కేసులకు ఎఫ్ఐఏలో వేరుగా ఇంటర్నేషనల్ ట్రైబ్యునల్ ఉంది, ఆట పాలకుల చేతుల్లోంచి తీర్పు పక్కకు జరగడం మంచి మార్పే. గూఢచర్యం ఆరోపణలు మొదటి రోజు నుంచే అక్కడికి వెళ్లాలి. జట్టు బాసులు కూడా మైకుల ముందు దొంగ దొంగ అని అరిచి, రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వమంటే జారుకునే అలవాటు మానాలి.

డ్రైవర్ల సంగతి కూడా తేలాలి. 2007లో మెక్‌లారెన్ జట్టు పాయింట్లు పోయినా, సాక్ష్యం ఇచ్చారన్న కారణంతో డ్రైవర్ల పాయింట్లు పోలేదు. చివరికి బ్రెజిల్‌లో ఫెరారీ డ్రైవర్ కిమి రైకొనెన్ 110 పాయింట్లతో టైటిల్ గెలిచాడు, మెక్‌లారెన్ డ్రైవర్లు లూయిస్ హామిల్టన్, అలొన్సో ఇద్దరూ 109 దగ్గర ఆగారు. ఆ మెయిల్స్‌లో హామిల్టన్ లేడు, అలొన్సో ఉన్నాడు. ఇంకో రెండు పాయింట్లు వచ్చి ఉంటే, ఫెరారీ బరువు లెక్కల గురించి మెయిల్స్ రాసుకున్న డ్రైవరే ఫెరారీ డ్రైవర్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యేవాడు. సాక్ష్యం రాబట్టడానికి శిక్ష తగ్గించడం వేరు, పాయింట్లు పూర్తిగా చేతిలోనే ఉంచడం వేరు. దొంగ సమాచారం తన కళ్లతో చదివిన డ్రైవర్‌కు ఎంత మినహాయింపు ఇస్తారో నిబంధనల్లో ముందే రాసి పెట్టండి, కేసు వచ్చాక ఉత్తరాల్లో బేరమాడొద్దు.