మునిగిన పడవ పైకి రావాలి

నేను చేసిన బుల్లి సబ్‌మెరైన్‌ని చూడగానే అందరూ అడిగేది ఒకటే: "ఎంత లోతుకి వెళ్తుంది?" పిల్లలూ అదే అడుగుతారు, ఇంజనీర్లూ అదే అడుగుతారు. లోతుకేముందండీ, ఇటుకరాయి కూడా వెళ్తుంది. తిరిగి పైకి వస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు. ఈ హాబీలోకి కొత్తగా దిగేవాళ్లు కూడా డబ్బూ, ఓపికా అంతా పడవ రూపం మీద, రంగుల మీద, ముంచే ఏర్పాటు మీద పెట్టేసి, పైకి రావడం దానంతటదే జరిగిపోతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి పడవ చెరువు అడుగున గంటన్నర కూర్చుంది.

కారణం వింటే నవ్వొస్తుంది. ఒక్క వెంట్రుక. బ్యాటరీ, మోటారు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ అన్నీ ఒక పారదర్శకమైన గొట్టంలో ఉంటాయి. రెండు చివరలా మూతలు, మూత చుట్టూ రబ్బరు ఓ-రింగ్. దానికి సిలికాన్ గ్రీజు రాస్తున్నప్పుడు ఎక్కడిదో వెంట్రుక అంటుకుంది. ఇంట్లో టబ్బులో ఐదు నిమిషాలు ముంచి చూస్తే చుక్క కూడా లోపలికి రాలేదు. చెరువులో మాత్రం ఆ వెంట్రుక వెంబడే నీళ్లు మెల్లగా పాకాయి. తీసి చూస్తే లోపల ఉన్నది గట్టిగా ఒక కప్పు.

ఆ కప్పు నీళ్లే ఎందుకు సరిపోయాయో లెక్క వేస్తే తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం పూర్తిగా మునిగితే 4.7 లీటర్ల నీటిని పక్కకి నెడుతుంది. అంటే అది మునగాలంటే 4.7 కిలోలు తూగాలి. లోపలి సామానంతా కలిపినా అందులో సగం కూడా రాదు. మిగతాదంతా సీసమే. ఆ సీసాన్ని గొట్టం అడుగున పెడితే పడవ నిటారుగా నిలబడుతుంది, పైన పెడితే బోర్లా పడుతుంది. సరే, ముక్క ముక్కగా సీసం చేరుస్తూ అచ్చంగా 4.7 కిలోలకి తెచ్చామనుకోండి. ఎక్కడ వదిలితే అక్కడే నీళ్లలో వేలాడాలి కదా?

వేలాడదు. 30 డిగ్రీల నీరు 4 డిగ్రీల నీటికంటే దాదాపు 0.4 శాతం తేలిక. ఇంత పడవకి అది 20 గ్రాముల తేడా. గోరువెచ్చని టబ్బులో సరిచూసిన పడవ చల్లటి చెరువులో పైకి లేస్తుంది. చల్లటి నీటిలో సరిచూసుకుని ఎండకి కాగిన నీటిలో దించితే తిన్నగా అడుగుకి పోతుంది. సముద్రపు నీరైతే తేడా 120 గ్రాములకి చేరుతుంది. వీటన్నిటికంటే మోసకారిది గొట్టం చుట్టూ పడవ ఆకారంలో ఉండే పైతొడుగులో చిక్కుకుపోయిన గాలి. పైతొడుగు లోపలికి నీరు ధారాళంగా రావాలని రంధ్రాలు పెడతాం, అయినా మూలల్లో గాలి మిగులుతుంది. అలా 200 మిల్లీలీటర్ల గాలి ఉందనుకుంటే, మీటరు లోతులో అది 18 మిల్లీలీటర్లు కుంచించుకుపోతుంది. గాలి తగ్గితే తేలే బలం తగ్గుతుంది, పడవ ఇంకాస్త దిగుతుంది, గాలి మళ్లీ కుంచించుకుపోతుంది. నిండా మునిగినవాడికి చలేమిటి అన్నారు గానీ, సబ్‌మెరైన్‌కి అసలు టెన్షన్ నిండా మునిగాకే మొదలవుతుంది.

పెద్ద సబ్‌మెరైన్లకీ ఇదే గండం. 1963 ఏప్రిల్ 10న అమెరికా నౌకాదళానికి చెందిన థ్రెషర్ 129 మందితో అట్లాంటిక్‌లో మునిగిపోయింది. ట్యాంకుల్లోని నీటిని బయటికి తోసే గాలి గొట్టాల్లో తేమ గడ్డకట్టి అడ్డుపడి ఉంటుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. అణుశక్తితో నడిచే ఓడ, పైకి లేవాల్సిన క్షణంలో లేవలేకపోయింది. అంతకు చాలా ముందే, 1776 నాటి టర్టిల్ అనే ఒక్క మనిషి నడిపే సబ్‌మెరైన్‌కి, దాన్ని తయారుచేసిన డేవిడ్ బుష్‌నెల్ ఒక తెలివైన ఏర్పాటు చేశాడు. అడుగున కట్టిన సీసంలో 200 పౌండ్లు, అంటే దాదాపు 90 కిలోలు, ప్రమాదం వస్తే లోపలినుంచే కిందికి వదిలేయొచ్చు. చెక్కతో చేసిన పడవది ఆ ముందుచూపు.

అందుకే నా అభిప్రాయం కొంచెం మొండిగా ఉంటుంది. మొదటి పడవకి బ్యాలస్ట్ ట్యాంకే, అంటే నీళ్లు నింపి పడవని ముంచే ట్యాంకే, వద్దు. నీటికంటే ఒక వెంట్రుకవాసి తేలికగా ఉంచి, ముందుకు పరుగెత్తేటప్పుడు రెక్కలు వంచి కిందికి దింపండి. మోటారు ఆగితే చాలు, తేలుతుంది. ఈ హాబీలో తలపండినవాళ్లు దీన్ని అసలు సబ్‌మెరైన్‌గానే లెక్కచేయరు. నిలబడిన చోటే మునిగితేనే సబ్‌మెరైన్ అంటారు. అననివ్వండి, వాళ్లలో చాలామంది పడవలు ఒక్కసారైనా అడుగున పడుకున్నవే.

రెండో పడవకి ట్యాంకు పెట్టుకోవచ్చు. పెద్ద సిరంజిలో పిస్టన్‌ని మోటారుతో లాగితే నీరు లోపలికి వస్తుంది, తోస్తే బయటికి పోతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు కాబట్టి నాకీ పద్ధతి ఇష్టం. ఒక్కటే ఇబ్బంది: ముంచడానికీ తేల్చడానికీ మోటారు అదే, బ్యాటరీ కూడా అదే. అది మొరాయిస్తే రెండో దారి ఉండాలి. నేను బుష్‌నెల్‌నే అనుసరించాను. అడుగున 300 గ్రాముల సీసం ముక్కని సర్వో అనే చిన్న మోటారుతో కదిలే కొక్కేనికి తగిలించి, దానికి వేరే బ్యాటరీ పెట్టాను.

ఇక రేడియో. ఇప్పుడు దొరికే రిమోట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌వి. యాంటెన్నా కాస్త మునిగిందంటే సిగ్నల్ పోతుంది. పాతకాలపు 27, 40 మెగాహెర్ట్జ్ రిమోట్లు మంచినీటిలో బాగానే పనిచేస్తాయి, ఉప్పునీటిలో ఏదీ పెద్దగా పనికిరాదు. సిగ్నల్ పోతే ఏం చేయాలో రిసీవర్‌కి మనమే ముందుగా నేర్పాలి, దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. నేర్పకపోతే కొన్ని రిసీవర్లు మనం చివరిసారి చెప్పిన మాటనే పట్టుకు కూర్చుంటాయి. ఆ చివరి మాట "మునుగు" అయితే ఇక చెప్పేదేముంది.

పిల్లల వర్క్‌షాప్‌కి సబ్‌మెరైన్ పెడదామని కొందరు అంటున్నారు. తప్పకుండా పెట్టండి. కానీ రంగులకీ, లోతుకీ మార్కులు వద్దు. పడవ అడుగున ఉండగా రిమోట్ తీసుకుని ఆపేయండి. తేలినదానికే బహుమతి. తల్లిదండ్రులు రాత్రికి రాత్రి చేసిచ్చిన పడవైనా, పిల్లలు సొంతంగా చేసుకున్నదైనా, నీళ్లు మొహమాటపడవు.

నా ఇప్పటి పడవని ఎప్పుడు బయటికి తీసుకెళ్లినా ముందు ఆ పనే చేస్తాను. చేపలు పట్టే దారం కట్టి, మీటరు లోతుకి దింపి, రిమోట్ ఆపి, వాచీ చూస్తాను. సిరంజి ఖాళీ కావడానికి 11 సెకన్లు పడుతుంది. ఏడో సెకను దాకా ఏమీ కదలదు.