ఆటల పీరియడ్ వాళ్లకూ ఉంది

ఆటల పీరియడ్ బెల్లు కొట్టగానే క్లాసంతా గ్రౌండ్‌కు ఉరుకుతుంది. ఆటిజం ఉన్న పిల్లవాడు మాత్రం తోటివాళ్ల బ్యాగుల దగ్గర కూర్చుంటాడు. ‘వాడికి ఆట అర్థం కాదు, ఎటైనా ఉరికితే ఎవరిది జవాబు’ అంటారు పీఈటీ సార్లు. వాళ్ల టెన్షన్ అబద్ధం కాదు. కానీ రోజు మొత్తంలో ఆ పిల్లవాడికి చాలా అవసరమైన పీరియడ్ అదే.

ఆటిజం అంటే మాటలు రాకపోవడమే అనుకుంటాం. చాలామంది పిల్లలకు ఒళ్లు కూడా మాట వినదు. బంతి పట్టడం, ఒంటికాలి మీద నిలబడడం కష్టమవుతుంది. క్రమం తప్పని వ్యాయామంతో ఈ పట్టు మెరుగుపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆటిజాన్ని ఇది పోగొట్టదు. పోగొడతామని చెప్పి డబ్బులు గుంజేవాళ్లను తల్లిదండ్రులు నమ్మొద్దు. 5 నుంచి 17 ఏళ్ల దివ్యాంగ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

నలుగురితో కలిసి చేస్తే ఇంకో లాభం ఉంది. వంతు కోసం ఆగడం, పక్కవాళ్లను చూసి చేయడం అలవాటవుతాయి. మన బతుకమ్మనే చూడండి. వలయంగా తిరగడం, వంగి చప్పట్లు కొట్టడం, మళ్లీ అదే అడుగు. తర్వాత ఏం వస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి, మార్పంటే బెదిరే పిల్లలకు అది ధైర్యం. డీజే మోత లేకుండా వట్టి చప్పట్లతో ఆడిస్తే చాలు. ఏ ఆటైనా అంతే: రోజూ అదే చోటు, అదే టైమ్, మొదట ముగ్గురు నలుగురే. విజిల్‌కు చెవులు మూసుకునే పిల్లలుంటే చెయ్యెత్తి సైగ చేయాలి. ఏం చేయాలో బొమ్మల కార్డుల్లో చూపాలి.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లకు పెట్టే టీ20 విభాగం 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆమెది ఆటిజం కాదు, మేధో వైకల్యం. అయినా ఊళ్లో ఎగతాళి పడిన ఆ పిల్లను గ్రౌండ్‌కు రానిచ్చినవాళ్లు ఉండబట్టే ఆ పతకం వచ్చింది. పతకాలు అందరికీ రావు, రావాలనీ మేం అనడం లేదు. రానివ్వడం గురించే మా మాట.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ నిధులతో నడిచే బడులు, గుర్తింపు పొందిన బడులు ఆటల్లోనూ ఈ పిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతోంది. హనుమకొండ, వరంగల్ కలెక్టర్లు హనుమకొండలోని జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియం వంటి మైదానాల్లో ఎండ ముదరకముందే వీళ్లకో గంట కేటాయించాలి. మండలాల్లో దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాల టీచర్లకు, పీఈటీలకు కలిపి శిక్షణ ఇవ్వాలి.

చోటు ఎంచేటప్పుడు జాగ్రత్త. ఈ పిల్లల్లో కొందరు చెప్పకుండా వెళ్లిపోతారు, నీళ్లు కనిపిస్తే అటే నడుస్తారు. భద్రకాళి, వడ్డేపల్లి చెరువు కట్టలు అందంగా ఉన్నాయని అక్కడ పెట్టొద్దు. ప్రహరీ, ఒకే గేటు ఉన్న గ్రౌండ్ కావాలి. గేటు దగ్గర ఆ గంటసేపూ ఒక మనిషి నిలబడాలి.